పొడుగున్నవాళ్ళకి ఫ్లైట్‌లో ఏ సీటు? డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ అక్కర్లేదు

ఎత్తు ఆరడుగులు దాటిందంటే టికెట్ బుక్ చేసేటప్పుడు రేటు, టైమింగ్ చూసుకుంటే సరిపోదు, మోకాళ్ళ లెక్క కూడా చూసుకోవాలి. మన దేశంలో మగవాళ్ళ సగటు ఎత్తు ఐదడుగుల ఐదంగుళాల దగ్గర ఉంటుంది కాబట్టి సీట్లు ఎంత దగ్గరగా బిగించినా చాలామందికి ఎలాగోలా సరిపోతుంది, అందుకే మన ఇబ్బంది పక్కసీటు వాళ్ళకి కూడా అర్థం కాదు. నాది ఆరడుగుల మూడంగుళాలు. ఎగ్జిట్ రో, అంటే అత్యవసర తలుపు పక్క వరస, కొనాలా, మొదటి వరస తీసుకోవాలా, ఎకానమీకి బిజినెస్‌కి మధ్యలో ఉండే ప్రీమియం ఎకానమీకి వెళ్ళాలా, లేదంటే మామూలు సీట్లోనే సర్దుకోవాలా అని ఊగిసలాడే వాళ్ళ కోసం ఇది రాస్తున్నా. నా మాట ముందే చెప్పేస్తా, ఎత్తు చూసి సీటు కొనకండి, తొడ పొడవు ఎంత, ప్రయాణం ఎన్ని గంటలు, ఈ రెండూ చూసి కొనండి.

ముందు టేపు తీసుకోండి

ఒకే ఎత్తున్న ఇద్దరిని పక్కపక్కన కూర్చోబెట్టి చూడండి, ఒకరికి మొండెం పొడుగు ఉంటుంది, ఇంకొకరికి కాళ్ళు పొడుగు ఉంటాయి. మొండెం పొడుగున్న మనిషికి మోకాళ్ళ బాధ తక్కువ, మెడ బాధ ఎక్కువ, ఎందుకంటే హెడ్‌రెస్ట్ వచ్చి భుజాల దగ్గరే ఆగిపోతుంది. కాళ్ళు పొడుగున్న మనిషికి అంతా తిరగబడుతుంది. కాబట్టి గోడకి ఆనించిన కుర్చీలో నడుము పూర్తిగా వెనక్కి జరిపి కూర్చుని, వీపు వెనక నుంచి మోకాలిచిప్ప ముందు అంచు దాకా ఇంట్లో ఎవరితోనైనా టేపుతో కొలిపించుకోండి. నాది 26 అంగుళాలు వస్తుంది. మీకు 24 వస్తే మీరు ఆరడుగులున్నా చాలా ఫ్లైట్లలో అదనపు డబ్బు పెట్టే పని లేదు, 27 వస్తే మాత్రం కింద రాసినవన్నీ జాగ్రత్తగా చదవండి.

ఇప్పుడు ఎయిర్‌లైన్ వాళ్ళు చెప్పే సీట్ పిచ్ సంగతి. పిచ్ అంటే మీ సీటు మీద ఒక పాయింట్ నుంచి ముందు సీటు మీద అదే పాయింట్ దాకా ఉన్న దూరం, అది మీ కాళ్ళకి దొరికే ఖాళీ కాదు. అందులోంచి సీటు వీపు మందం తీసెయ్యాలి. పాత మెత్తటి సీటైతే మూడు, మూడున్నర అంగుళాలు పోతుంది, కొత్తగా వస్తున్న పలచటి సీట్లయితే రెండు అంగుళాల దగ్గర పోతుంది. అందుకే పలచటి సీటున్న 29 పిచ్, దిండులాంటి పాత సీటున్న 30 పిచ్ ఈ రెంటిలో మోకాలికి దొరికేది ఇంచుమించు ఒకటే. ఇంకోటి కూడా చూడండి, మ్యాగజైన్ పెట్టే జేబు మోకాలి ఎత్తులో ఉందా, పైకి జరిపారా అని. పైన ఉంటే ఒక అంగుళం దాకా కలిసొస్తుంది.

సుమారు లెక్క ఇలా వేసుకోండి: పిచ్ లోంచి రెండున్నర తీసేస్తే వచ్చేది మీ తొడ కొలత కంటే కనీసం ఒక అంగుళం ఎక్కువ ఉండాలి. నా 26కి కావాల్సింది 29న్నర, అంటే 28 పిచ్ సీట్లో నేను కూర్చుంటే మోకాళ్ళు ముందు సీటుని ఒత్తుతూనే ఉంటాయి, 30లో వేలెడు సందు దొరుకుతుంది, 32లో హాయిగా ఉంటుంది.

మోకాలొక్కటే కాదు, ఇంకా ఏం చూడాలి

పాదాలు ఎక్కడ పెడతాం అన్నది మోకాలంత ముఖ్యం, కానీ దీన్ని ఎక్కువమంది మర్చిపోతారు. ముందు సీటు కింద ఖాళీ ఉంటే కాళ్ళు చాపొచ్చు, అక్కడ ఎంటర్‌టైన్‌మెంట్ స్క్రీన్ తాలూకు పెట్టె ఉందంటే ఒక పాదం పక్కకి తిప్పి పెట్టుకోవాల్సిందే, పద్నాలుగు గంటలు అలా కూర్చుంటే నడుము వంకరపోతుంది. చేతిసంచి కూడా అంతే, మీరు సీటు కింద బ్యాగ్ పెట్టారంటే ఆ స్థలం మీరే పోగొట్టుకున్నట్టు. పొడుగున్నవాళ్ళు బ్యాగ్ పైన పెట్టెయ్యాలి, అందుకోసమైనా ముందు ఎక్కాలి.

ముందు సీటు వాలడం గురించి ఒక విషయం. సీటు కింద భాగంలో ఇరుసు ఉంటుంది కాబట్టి వాల్చినప్పుడు పైభాగం ఎక్కువ జరుగుతుంది, కింది భాగం తక్కువ జరుగుతుంది. పొట్టిగా ఉన్నవాళ్ళ మోకాలు ఆ ఇరుసు దగ్గరే ఉంటుంది, వాళ్ళకి పెద్దగా తెలీదు. మన పిక్కలు పొడుగు కాబట్టి మోకాళ్ళు పైకి లేచి ఉంటాయి, సరిగ్గా సీటు వెనక్కి వచ్చే చోట తగులుతాయి. అందుకే మనం అరిచినప్పుడు ముందువాళ్ళు ఇంతకే అరవాలా అన్నట్టు చూస్తారు, వాళ్ళ తప్పు కాదు, వాళ్ళ వెనక సీటు ఎలా ఉంటుందో వాళ్ళకి తెలిసే అవకాశం లేదు.

వెడల్పు, భుజాలు. విండో సీటు దగ్గర విమానం గోడ లోపలికి వంగి వస్తుంది, పొడుగు మనిషికి తల, భుజం అక్కడ ఆనుకుంటాయి, కాబట్టి నా వరకు విండో ఎప్పుడూ ఆఖరి ఎంపిక. ఐల్ సీటులో, అంటే నడిచే దారి పక్క సీటులో, ఒక కాలు అప్పుడప్పుడు బయటికి చాపుకోవచ్చు, లేచి నడవొచ్చు, బండి వచ్చినప్పుడు మాత్రం మోకాలు లోపలికి లాక్కోవాలి. చిన్న చిట్కా ఒకటి, మూడు మూడు సీట్ల విమానంలో మీ కుడి మోకాలు ఇబ్బంది పెడుతుంటే సీ సీటు తీసుకోండి, కుడికాలు దారి వైపు వస్తుంది. ఎడమ మోకాలు అయితే డీ సీటు. రెండూ ఐల్ సీట్లే అని ఏదో ఒకటి నొక్కేస్తాం గానీ తేడా బాగా తెలుస్తుంది.

ఆఖరిది ఆరోగ్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో బయటపెట్టిన అధ్యయనంలో నాలుగు గంటలు దాటి కదలకుండా కూర్చుని ప్రయాణిస్తే కాళ్ళ నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఇంచుమించు రెట్టింపు అవుతుందని తేలింది, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో అది దాదాపు 6,000 మందిలో ఒకరికి. అంటే చాలా తక్కువే, భయపడక్కర్లేదు. కానీ ఆ ప్రమాదం ఎక్కువ ఉన్నవాళ్ళ జాబితాలో 190 సెంటీమీటర్ల కంటే పొడుగువాళ్ళు ఉన్నారు, 160 కంటే పొట్టివాళ్ళు కూడా ఉన్నారు. కాబట్టి ఇది సుఖం కోసం గారాబం పోవడం కాదు. ఇంతకుముందు ఇలాంటి సమస్య వచ్చినవాళ్ళు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్ళు డాక్టర్‌ని అడిగాకే సీటు సంగతి ఆలోచించండి.

ఎంపికలు ఒక్కొక్కటిగా

ముందు మొత్తం ఒకచోట చూసేయండి, తర్వాత వివరంగా మాట్లాడుకుందాం.

| ఎంపిక | మోకాలికి | పాదాలకి | వెనక్కి వాలడం | చిక్కు ఎక్కడ |
|---|---|---|---|---|
| మామూలు ఐల్ సీటు | తక్కువ | సీటు కింద ఖాళీని బట్టి | ఉంటుంది | ముందువాళ్ళు వాల్చితే కష్టం |
| ఎగ్జిట్ రో | చాలా ఎక్కువ | చాలా ఎక్కువ | వరసని బట్టి | బ్యాగ్ కింద పెట్టనివ్వరు, అందరికీ ఇవ్వరు |
| మొదటి వరస, గోడ ముందు | ఎక్కువ | తక్కువ | ఉంటుంది | కాళ్ళు చాపలేం, సీటు కాస్త ఇరుకు |
| ఎకానమీలో అదనపు లెగ్‌రూమ్ | మూడు, నాలుగు అంగుళాలు ఎక్కువ | బాగుంటుంది | ఉంటుంది | వెడల్పు అదే |
| ప్రీమియం ఎకానమీ | బాగా ఎక్కువ | ఎక్కువ | ఎక్కువ | రేటు, అన్ని రూట్లలో ఉండదు |

మామూలు సీటు నుంచి మొదలుపెడదాం. ఇండిగో ఏ320లో పిచ్ 28 నుంచి 30 మధ్యలో ఉంటుంది, మన దగ్గర మిగతా లో కాస్ట్ వాళ్ళది కూడా అటూ ఇటుగా అంతే. హైదరాబాద్ నుంచి బెంగళూరుకో చెన్నైకో గంటన్నర లోపు ప్రయాణం అనుకోండి, తొడ 26 ఉన్నా నేను ఐల్ సీటుతో సరిపెట్టుకుంటా. గంటన్నర నొప్పి దిగాక పది నిమిషాల్లో పోతుంది. విజయవాడ, రాజమండ్రి, కడప వైపు వెళ్ళే ఏటీఆర్ అనే చిన్న విమానాల్లో రెండు రెండు సీట్లే కాబట్టి మధ్య సీటు బాధ లేదు, కానీ లోపల ఎత్తు ఆరడుగుల మూడంగుళాలే, నాలాంటివాళ్ళు నడిచేటప్పుడు తల వంచే నడవాలి, పైన బ్యాగ్ పెట్టే అరలు కూడా చిన్నవి. అక్కడ సీటు కోసం డబ్బు పెట్టడం నాకు దండగ అనిపిస్తుంది.

ఎగ్జిట్ రో అంటే పొడుగువాళ్ళకి పండగే. చాలా ఏ320ల్లో రెక్కల దగ్గర వరసగా రెండు ఎగ్జిట్ రోలు ఉంటాయి, ఇండిగోలో అవి 12, 13. ఇక్కడ చాలామందికి తెలియని తేడా ఏంటంటే రెంటిలో ముందుది వెనక్కి వాలదు, ఎందుకంటే దాని వెనక ఉన్నది కూడా అత్యవసర దారే, దాన్ని మూసెయ్యకూడదు. రెండోది వాలుతుంది, పైగా దాని ముందు సీటు మన మీదకి రాదు. కాబట్టి రెండూ ఒకే రేటు ఉంటే కళ్ళు మూసుకుని రెండోది తీసుకోండి. పిల్లలకి, గర్భిణీలకి, ఒళ్ళో పసిబిడ్డ ఉన్నవాళ్ళకి, సీటు బెల్ట్ చాలక దానికి తగిలించే అదనపు పట్టీ (బెల్ట్ ఎక్స్‌టెండర్) కావాల్సినవాళ్ళకి ఆ సీటు ఇవ్వరు, అవసరమైతే తలుపు తీసి అందరికంటే ముందు కదలాల్సింది మీరే కాబట్టి క్రూ చెప్పేది చెవుల్లో ఇయర్‌ఫోన్స్ తీసేసి వినాలి. టేకాఫ్, ల్యాండింగ్ అప్పుడు కాళ్ళ దగ్గర ఏమీ పెట్టనివ్వరు. పెద్ద విమానాల్లో తలుపు పక్కన ఉండే విండో సీటు జాగ్రత్త, తలుపు లోపలి భాగం ఉబ్బెత్తుగా కాలి చోటులోకి వచ్చేస్తుంది, చలి కూడా ఎక్కువ, పక్కన ఐల్ సీటే మేలు. బాత్రూమ్ క్యూ అక్కడే నిలబడుతుందన్నది ఇంకో సంగతి, రాత్రి ఫ్లైట్‌లో నిద్ర పట్టదు.

మొదటి వరస చూడ్డానికి బాగుంటుంది, ముందు ఎవరూ ఉండరు, ఎవరూ వాల్చరు. కానీ ఎదురుగా గోడ ఉంటుంది, ముందు సీటు కింద కాళ్ళు దూర్చే వీలు ఉండదు. ఐదడుగుల పది ఉన్నవాళ్ళకి అది స్వర్గం, ఆరు మూడు ఉన్నవాళ్ళకి మోకాలు హాయిగా ఉండి పాదాలు గోడకి తన్నుకుంటాయి. ట్రే చేతికొయ్యలోంచి వస్తుంది, అందుకే ఆ కొయ్య లావుగా ఉండి పైకి లేవదు, సీటు అంగుళం ఇరుకవుతుంది. పెద్ద విమానాల్లో గోడకి ఊయల బిగించే చోటు కూడా ఇదే, పసిపిల్లలతో వచ్చేవాళ్ళకి ముందు ఇస్తారు, ఇవ్వాలి కూడా. మీకు పొట్టి ప్రయాణం, తొందరగా దిగిపోవాలి అనుకుంటే మొదటి వరస, కాళ్ళు చాపి నిద్రపోవాలి అనుకుంటే వద్దు.

ఎకానమీలోనే అదనపు లెగ్‌రూమ్ అమ్మే పద్ధతి అమెరికాలో బాగా ఉంది, యునైటెడ్ వాళ్ళ ఎకానమీ ప్లస్, డెల్టా వాళ్ళ కంఫర్ట్ లాంటివి, పిచ్ 34 దగ్గర ఉంటుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి అమెరికాలో తరచూ తిరిగే మనవాళ్ళకి అన్నిటికంటే పైసా వసూల్ ఎంపిక ఇదే అని నా అభిప్రాయం. డబ్బు పెట్టకుండా కావాలంటే ఎయిర్‌లైన్‌నే మార్చండి, జెట్‌బ్లూలో మామూలు సీటే 32 ఉంటుంది, ఫ్రాంటియర్‌లో 28. టికెట్‌లో ఆదా అయిన డాలర్లు సీటుకే పెట్టాల్సి వస్తే చవక టికెట్ చవక కాదు. సౌత్‌వెస్ట్‌లో ముందు ఎక్కినవాళ్ళకి నచ్చిన సీటు అనే పద్ధతి 2026 జనవరి 27తో పోయింది, అక్కడ కూడా ఇప్పుడు సీటు ముందే ఎంచుకోవాలి, లెగ్‌రూమ్‌కి విడిగా కట్టాలి.

ప్రీమియం ఎకానమీ అనే పేరు విని అన్నీ ఒకటే అనుకోకండి. ఎయిర్ ఇండియా ఏ320 నియోలో ప్రీమియం ఎకానమీ పిచ్ 32, మూడు మూడు సీట్లే, అంటే మామూలు కంటే మూడు నాలుగు అంగుళాలు ఎక్కువ, భోజనం బాగుంటుంది, వెడల్పు పెద్దగా మారదు. అదే ఎయిర్ ఇండియా ఏ350లో ప్రీమియం ఎకానమీ అంటే 38 పిచ్, రెండు నాలుగు రెండు సీట్లు, పూర్తిగా వేరే సంగతి. ఎమిరేట్స్ ప్రీమియం ఎకానమీ 40 దాకా ఉంటుంది. ఇండిగో వాళ్ళు 2024 నవంబర్‌లో ఢిల్లీ–ముంబై రూట్‌లో స్ట్రెచ్ అని మొదలుపెట్టారు, దాన్ని బిజినెస్ అంటారు, పన్నెండే సీట్లు, 38 పిచ్, వెడల్పు 21 అంగుళాల పైన. పేరు చూడొద్దు, పిచ్, వెడల్పు, వరసకి ఎన్ని సీట్లు, ఈ మూడే చూడండి.

సీటు కాదు, విమానం ఎంచుకోండి

నేను అన్నిటికంటే ఎక్కువ నమ్మేది ఇదే, దీనికి చాలాసార్లు అదనంగా ఒక్క రూపాయి కూడా అవదు. ఒకే రేటుకి రెండు ఫ్లైట్లు కనిపిస్తాయి, ఒకటి 777, ఇంకోటి ఏ350 లేదా ఏ380. ఇప్పుడు చాలామంది 777లో వరసకి పది సీట్లు పెడుతున్నారు, వెడల్పు 17 అంగుళాలకి దిగిపోతుంది. ఏ380 కింది అంతస్తులో కూడా పదే, కానీ విమానమే వెడల్పు కాబట్టి 18 వస్తుంది. ఏ350లో తొమ్మిది పెట్టినా 18 దగ్గర ఉంటుంది. 787లో తొమ్మిది పెడితే 17 దగ్గరే, అదే 787లో జపాన్ ఎయిర్‌లైన్స్ వాళ్ళు అంతర్జాతీయ రూట్లలో ఎనిమిదే పెట్టారు, పిచ్ కూడా 33 ఇస్తారు, ఎకానమీలోనే. బెంగళూరు నుంచి టోక్యో మీదుగా అమెరికా వెస్ట్ కోస్ట్ వెళ్ళేవాళ్ళు ఒకసారి రేటు చూడండి, హైదరాబాద్ నుంచి బెంగళూరుకి ఇంకో టికెట్ తీసుకోవాల్సి వచ్చినా సరే.

| విమానం, క్లాస్ | పిచ్, అంగుళాల్లో సుమారు | వెడల్పు, అంగుళాల్లో సుమారు |
|---|---|---|
| ఇండిగో ఏ320 మామూలు | 28–30 | 18 |
| ఎయిర్ ఇండియా ఏ350 ఎకానమీ | 31 | 17.5 |
| ఎమిరేట్స్ 777 ఎకానమీ | 32 | 17 |
| ఎమిరేట్స్ ఏ380 ఎకానమీ | 32 | 18 |
| జపాన్ ఎయిర్‌లైన్స్ 787 ఎకానమీ | 33 | 18–19 |
| ఎయిర్ ఇండియా ఏ350 ప్రీమియం ఎకానమీ | 38 | 18.5 |
| ఎమిరేట్స్ ప్రీమియం ఎకానమీ | 40 వరకు | 19.5 |

గూగుల్ ఫ్లైట్స్‌లో ప్రతి ఫ్లైట్ వివరాలు తెరిస్తే సగటు లెగ్‌రూమ్ అంగుళాల్లో రాసి ఉంటుంది, విమానం మోడల్ కూడా ఉంటుంది. అక్కడ రాసింది పిచ్చే, అందులోంచి రెండున్నర తీసెయ్యడం మర్చిపోకండి. ఏరోలోపా అనే సైట్‌లో సీట్ల మ్యాప్‌లు కొలతకి తగ్గట్టు గీసి ఉంటాయి, ఏ సీటుకి కిటికీ లేదు, ఎక్కడ తలుపు అడ్డొస్తుంది అన్నీ తెలుస్తాయి.

మీరు ఏ రకం ప్రయాణికులు అన్నదాన్ని బట్టి

ఆఫీసు పని మీద హైదరాబాద్–ఢిల్లీ, హైదరాబాద్–ముంబై తిరిగేవాళ్ళు: రెండు గంటలు దాటిన దగ్గర ఎగ్జిట్ రో రెండో వరసకి డబ్బు పెట్టండి, గంట ప్రయాణానికి వద్దు. కంపెనీ సీటు ఫీజు ఇవ్వదు అంటే మీ ఎత్తు రాసి ట్రావెల్ డెస్క్‌కి ఒక మెయిల్ పెట్టండి, అడిగితే ఒప్పుకునేవాళ్ళు ఉన్నారు, మొహమాటపడి ఊరుకుంటే ఎవరూ పిలిచి ఇవ్వరు.

మొదటిసారి అమెరికా చదువుకి వెళ్ళే పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు: ఇక్కడ డబ్బు లెక్క గట్టిది, ప్రీమియం ఎకానమీ మాట ఎత్తలేం. దుబాయ్ మీదుగా వెళ్తే హైదరాబాద్–దుబాయ్ నాలుగు గంటలు, అక్కడి నుంచి అమెరికా పద్నాలుగు నుంచి పదహారు గంటలు. సీటు ఫీజు పెట్టాలనుకుంటే మొత్తం టికెట్‌కి కాదు, ఆ రెండో ఫ్లైట్‌కి మాత్రమే పెట్టండి. లెక్క ఇలా చూడండి, గంటన్నర ఫ్లైట్‌లో ఎగ్జిట్ రోకి 1,500 రూపాయలు అడిగారనుకుందాం, గంటకి వెయ్యి. పదిహేను గంటల ఫ్లైట్‌లో 9,000 అడిగారనుకుందాం, గంటకి ఆరువందలు. చూడ్డానికి 9,000 పెద్దగా కనిపిస్తుంది గానీ అదే చవక, పైగా ఆ నొప్పి తప్పించుకోవడం విలువ కూడా అక్కడే ఎక్కువ.

పిల్లల దగ్గరికి వెళ్ళే పెద్దవాళ్ళు: నాన్నగారు పొడుగు, పైగా మోకాళ్ళ నొప్పులు అంటే ఎగ్జిట్ రో గురించి ఆలోచించకండి, తలుపు తీసే శక్తి ఉండాలి, క్రూ చెప్పేది వెంటనే అర్థం కావాలి, అడిగి లేపేస్తే అక్కడికక్కడ ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోబెడతారు. వాళ్ళకి ప్రీమియం ఎకానమీ కుదిరితే అదే, లేదంటే బాత్రూమ్‌కి మరీ దూరం కాని ఐల్ సీటు. బ్రిటిష్ ఎయిర్‌వేస్, లుఫ్తాన్సా రెండింటికీ హైదరాబాద్ సర్వీసు ఉంది, రెంటిలో ప్రీమియం ఎకానమీ 38 దగ్గర ఉంటుంది. ఒక్కటి మాత్రం చూడండి, కనెక్షన్ ఉన్న టికెట్‌లో ప్రీమియం అని రాసినా ఒక ఫ్లైట్‌లో ఆ క్లాసే ఉండకపోవచ్చు, పొట్టి ఫ్లైట్‌లో లేకపోతే ఫర్వాలేదు, పొడుగు ఫ్లైట్‌లో లేకపోతే ఆ టికెట్‌కి అర్థం లేదు.

కాలికి కట్టు ఉండి మడవలేని పరిస్థితి ఉంటే అది వేరే విషయం. అమెరికా రూల్స్ ప్రకారం కాలు మడవలేని ప్రయాణికుడికి ఎక్కువ లెగ్‌రూమ్ ఉన్న సీటు, ఆ కాలికి అనువైన వైపు, ఇవ్వాల్సిందే. అమెరికాకి వచ్చే, అక్కడి నుంచి వెళ్ళే ఫ్లైట్లకి విదేశీ ఎయిర్‌లైన్స్‌కి కూడా అది వర్తిస్తుంది. ముందుగానే ఎయిర్‌లైన్‌కి చెప్పండి, ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళాక చెప్తే కష్టం.

మరి ఇది న్యాయమేనా

నన్ను ఎక్కువగా అడిగేది ఇదే, పొడుగు పుట్టుకతో వచ్చింది, దానికి మనమెందుకు ఎక్కువ కట్టాలి అని. ఎదుటివాళ్ళ వాదన కూడా వినాలి, విమానంలో స్థలమే సరుకు, ఎక్కువ స్థలం కావాలంటే ఎక్కువ రేటు, ఎత్తు పేరుతో తగ్గిస్తే ఆ ఖర్చు మిగతావాళ్ళ మీద పడుతుంది. ఇందులో కొంత నిజం ఉంది. 40 పిచ్ నాకు ఫ్రీగా ఇవ్వాలని నేను అనను. కానీ మామూలు టికెట్ కొన్న మనిషికి, ఆ మనిషి ఎంత పొడుగైనా, మోకాలు ముందు సీటుకి తగలకుండా కూర్చునేంత చోటు ఉండాలి, అది సౌకర్యం కింద అమ్మే వస్తువు కాదు అంటాను.

ఈ గొడవ కోర్టుల దాకా వెళ్ళింది. అమెరికాలో ఫ్లయర్స్ రైట్స్ అనే ప్రయాణికుల సంస్థ వేసిన కేసులో 2017 జులైలో వాషింగ్టన్ అప్పీల్ కోర్టు, సీట్లు కుంచించుకుపోతుంటే ప్రమాదంలో జనం బయటపడగలరా అన్నది పట్టించుకోకుండా పిటిషన్ తోసెయ్యడం సరికాదు, మళ్ళీ చూడండి అని అక్కడి విమానయాన శాఖ ఎఫ్ఏఏకి చెప్పింది. మరుసటి ఏడాది అమెరికా పార్లమెంట్ సీటుకి కనీస కొలతలు పెట్టమని చట్టమే చేసి ఏడాది గడువు ఇచ్చింది. ఆ గడువు 2019లోనే దాటిపోయింది. ఎఫ్ఏఏ వాళ్ళు మనుషుల్ని పెట్టి తొంభై సెకన్లలో ఖాళీ చేసే పరీక్షలు చేశారు గానీ అందులో పద్దెనిమిదేళ్ళ లోపువాళ్ళు, అరవై దాటినవాళ్ళు, వికలాంగులు లేరు. ఏ ఫ్లైట్‌లో అయినా చూడండి, పిల్లలు, పెద్దవాళ్ళు లేకుండా ఉంటుందా? 2022లో జనాన్ని అభిప్రాయం అడిగితే వేలమంది రాశారు, 2023లో అదే కోర్టు మాత్రం ఎఫ్ఏఏని బలవంతం చెయ్యడానికి ఒప్పుకోలేదు.

కెనడాలో 2009 నుంచి దేశంలోపల ఫ్లైట్లలో పెద్ద ఎయిర్‌లైన్స్ ఒక మనిషికి ఒకే టికెట్ పద్ధతి పాటించాలి, వైకల్యం వల్ల రెండో సీటు అవసరమైనవాళ్ళ దగ్గర దానికి విడిగా డబ్బు తీసుకోకూడదు. పొడుగు దాని కిందకి రాదు, కానీ శరీరం ఇలా ఉందని ఎక్కువ కట్టించుకోకూడదన్న ఆలోచన అక్కడ చట్టంలోకి వచ్చింది, నాకు నచ్చింది అదే. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కూడా 2024 ఏప్రిల్‌లో పన్నెండేళ్ళ లోపు పిల్లల్ని ఒకే పీఎన్ఆర్‌లో ఉన్న తల్లిదండ్రుల్లో ఒకరి పక్కన కూర్చోబెట్టాలని చెప్పింది, అంటే సీటు అమ్మకం మీద అవసరానికి తగ్గట్టు హద్దు పెట్టడం మన దగ్గర కూడా సాధ్యమే. అమ్ముడుపోని ఎగ్జిట్ రో సీట్లని చెక్-ఇన్ ఆఖర్లో ఆరడుగులు దాటినవాళ్ళకి ఉచితంగా ఇమ్మనండి, ఎయిర్‌లైన్‌కి పోయేది ఏముంది?

ఇక తోటి ప్రయాణికులతో న్యాయం. 2014 ఆగస్టులో నెవార్క్ నుంచి డెన్వర్ వెళ్తున్న యునైటెడ్ ఫ్లైట్‌లో ఒకాయన ముందు సీటు వాలకుండా అడ్డుపెట్టే ప్లాస్టిక్ క్లిప్పులు పెట్టాడు, ముందున్నావిడ నీళ్ళు విసిరింది, విమానం షికాగోలో దింపి ఇద్దర్నీ దించేశారు. వాళ్ళు కూర్చున్నది మామూలు సీట్లలో కూడా కాదు, లెగ్‌రూమ్ ఎక్కువున్న సీట్లే. అలాంటి క్లిప్పులు ఎక్కడైనా కనిపించినా కొనకండి. సీటు వాల్చుకోవడం ముందువాళ్ళ హక్కే, మనం చెయ్యగలిగింది ఎక్కగానే నవ్వుతూ ఒక మాట చెప్పడం, అన్నా నాకు కాళ్ళు పొడుగు, వాల్చేముందు ఒక్కసారి చెప్తారా, మోకాళ్ళు పక్కకి తిప్పుకుంటా అని. ముందే చెప్తే దాదాపు అందరూ నెమ్మదిగా వాలుస్తారు, కొందరు అసలు వాల్చరు.

బుక్ చేశాక చెయ్యాల్సినవి

సీటు బుక్ చేసి వదిలెయ్యకండి, ఎయిర్‌లైన్ విమానం మార్చిందంటే మీ 13సీ కాస్తా మామూలు సీటు అయిపోవచ్చు. ప్రయాణానికి వారం ముందు ఒకసారి, వెబ్ చెక్-ఇన్ తెరిచినప్పుడు ఇంకోసారి మ్యాప్ చూడండి. డబ్బు కట్టిన సీటు ఇవ్వకపోతే ఆ ఫీజు వెనక్కి అడగండి, అమెరికా ఫ్లైట్లకి 2024లో వచ్చిన రూల్ ప్రకారం కట్టిన సీటు ఫీజుకి సేవ అందకపోతే అది తిరిగి ఇవ్వాలి. మన దగ్గర క్లాసే తగ్గించేస్తే, అంటే ప్రీమియం కొంటే ఎకానమీలో కూర్చోబెడితే, 2023 ఫిబ్రవరి 15 నుంచి దేశీయ ఫ్లైట్‌లో పన్నులతో సహా టికెట్ ధరలో 75 శాతం వెనక్కి రావాలి, అంతర్జాతీయ ఫ్లైట్‌లో 1,500 కిలోమీటర్ల లోపు 30, 3,500 దాకా 50, ఆపైన 75 శాతం. బోర్డింగ్ పాస్‌లు రెండూ, పాతదీ కొత్తదీ, ఫొటో తీసి పెట్టుకోండి.

చెక్-ఇన్ కౌంటర్‌లో మాత్రం సిగ్గుపడకుండా నిటారుగా నిలబడి అడగండి, ఎగ్జిట్ రోలో ఏమైనా మిగిలాయా అని. అక్కడ కాదంటే గేటు దగ్గర ఇంకోసారి, ఎక్కాక తలుపులు మూసేముందు క్రూని మరోసారి అడగండి, ఆ వరస ఖాళీగా ఉంటే ఎవరో ఒకరిని కూర్చోబెట్టాలని వాళ్ళు కూడా చూస్తుంటారు.